ఆప్షన్ గడువు: ఒక చిన్న నటి ఏడాది ఒప్పందం, ఒక కుటుంబ కథ

పాత స్టూడియో కాగితాలు వెతకడం నా వృత్తి. లాస్ ఏంజెలెస్‌లో ఉంటూ కుటుంబాల కోసం, మ్యూజియంల కోసం, అప్పుడప్పుడు డాక్యుమెంటరీలు తీసేవారి కోసం ఈ పని చేస్తాను. నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమందిది ఒకే ప్రశ్న: “మా ఇంట్లో ఒకావిడ ఒకప్పుడు హాలీవుడ్‌లో నటించిందట, నిజమేనా?” ఆ కేసుల్లో దీన్ని ఎంచుకుని రాయడానికి కారణం, రుజువుగా నిలబడని ఒక ఇంటి కథే చివరికి అసలు కాగితాల దగ్గరకు దారి చూపడం.

పేర్లు, ఊరు, స్టూడియో, సినిమాల పేర్లు వదిలేశాను. రాయడానికి కుటుంబం అనుమతి ఇచ్చింది. సంవత్సరాలను మాత్రం మార్చలేదు. ఈ కేసు తేదీల మీదే నడిచింది కాబట్టి వాటిని మారిస్తే చెప్పడానికి ఏమీ మిగలదు. నటిని ‘ఎల్’ అంటాను.

నేపథ్యం

ఎల్ 1911 చివర్లో అమెరికా మధ్య పశ్చిమ ప్రాంతంలోని ఒక చిన్న ఊళ్లో పుట్టింది. అక్కడి అందాల పోటీలో గెలిచి, 1931లో తల్లిని వెంటబెట్టుకుని లాస్ ఏంజెలెస్ చేరింది. 1932 ఏప్రిల్‌లో, అంటే తెలుగులో తొలి టాకీ వచ్చిన ఏడాదే, ఒక పెద్ద స్టూడియో ఆమెను ఒప్పందం మీద తీసుకుంది.

ఆ ఒప్పందం ఎలా ఉండేదో తెలియకపోతే మిగతా కథ అర్థం కాదు. పత్రికలు ‘ఏడేళ్ల ఒప్పందం’ అని రాసేవి. ఏడేళ్లు కట్టుబడి ఉండాల్సింది మాత్రం నటి ఒక్కతే. కొనసాగించాలా వద్దా అని తొలిదశలో ఆరు నెలలకోసారి తేల్చుకునే హక్కు స్టూడియో చేతిలో ఉండేది. దాన్నే ఆప్షన్ అంటారు. స్టూడియో ఆప్షన్ వాడుకుంటే జీతం ముందే రాసుకున్న మెట్టు ప్రకారం పెరుగుతుంది, వాడుకోకపోతే ఆ రోజుతో సంబంధం తెగిపోతుంది. ఇరవయ్యారు వారాల్లో ఇరవై వారాలకే జీతం ఖాయం. మిగతా ఆరు వారాలు జీతం లేకుండా కూర్చోబెట్టవచ్చు, ఆ సమయంలో స్టూడియో అనుమతి లేకుండా మరో చోట పని చేయకూడదు. ఇచ్చిన వేషం వద్దంటే సస్పెన్షన్. ఆ సస్పెన్షన్ కాలాన్ని ఒప్పందం చివర కలిపేవారు. అలా కలిపి ఒప్పందాన్ని ఏడేళ్లు దాటించడం చెల్లదని నటి ఒలీవియా డి హావిలాండ్ వేసిన దావాలో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు తేల్చేసరికి 1944 వచ్చింది. నటీనటుల సంఘం స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్ పుట్టింది 1933లో, నిర్మాతలు దాన్ని గుర్తించింది 1937లో. ఎల్ ఒప్పందంలో ఉన్న ఏడాది వీటన్నిటికంటే ముందుది.

వచ్చిన సమస్య

నా దగ్గరకు వచ్చింది ఎల్ మనవరాలు. అమ్మమ్మ పుట్టిన ఊళ్లో చిన్న ప్రదర్శన పెడుతున్నారు, అందులో ఎల్‌కు ఒక సమాచార పలక కేటాయించారు. ఆ పలక మీద వేయాల్సిన కథ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు: ఎల్ పెద్ద తార కావలసిన మనిషి, స్టూడియోలో ఒక పెద్దమనిషి చెయ్యి వేయబోతే చెంప పగలగొట్టింది, మరునాటి నుంచి ఏ గేటూ తెరుచుకోలేదు. దీనికి రుజువు కావాలి.

ఆన్‌లైన్ డేటాబేస్ వేరే లెక్క చెబుతోంది. ఎల్ తెరపేరు కింద 1929 నుంచి 1937 వరకు తొమ్మిది సినిమాలు ఉన్నాయి. ఒప్పందంలో ఉన్న 1932–33లో మూడే. గేట్లన్నీ మూసుకుపోయాయంటున్న కాలంలో అంతకంటే ఎక్కువ.

మనవరాలి ప్రశ్న “ఎందుకు ఆగిపోయింది?” దాన్ని పక్కన పెట్టి, ఆమె పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగింది, ఆ మధ్యలో ఏం చేసింది అన్నది ముందు తేల్చాలని నిర్ణయించుకున్నాను. ఆగిన తేదీ తెలియకుండా కారణం వెతికితే, మనసులో ఉన్న కారణానికి సరిపోయే తేదీయే దొరుకుతుంది. ఇది మనవరాలికి నచ్చలేదు. ప్రదర్శన దగ్గర పడుతోంది, ఆమెకు కావలసింది ఒక్క వాక్యం.

దారి తీయని ప్రయత్నాలు

మొదట అభిమాన పత్రికలు, వ్యాపార పత్రికలు. మీడియా హిస్టరీ డిజిటల్ లైబ్రరీ పుణ్యమా అని వాటిలో చాలావరకు ఇప్పుడు ఇంట్లో కూర్చుని వెతకవచ్చు. అయితే ఎల్ తెరపేరులో రెండో సగం ఒక రంగు పేరు. ఆ పేరుతో వెతికితే ఆ రంగు గౌన్లు, కళ్లు, గుర్రాలు అన్నీ వచ్చిపడ్డాయి. పైగా స్కానింగ్‌లో అక్షరాలు చెదిరిన పేజీలను ఏ పేరుతో వెతికినా యంత్రం పట్టుకోదు. ఆమె గురించిన ప్రస్తావన ఒక్కటే నిలిచింది: స్టూడియో ప్రచార విభాగం రాసి పంపిన పరిచయం. అందులో ఆమె 1913లో పుట్టింది, తండ్రి డాక్టరు, చిన్నప్పుడు ఫ్రాన్స్‌లో పెరిగింది. 1920 జనగణనలో ఆ తండ్రి ధాన్యపు గోదాములో గుమస్తా.

ఇలాంటి పరిచయాలను అబద్ధమని విసిరేయడం తేలిక. నేను పారేయను. బొంబాయిలో పుట్టిన నటి మెర్ల్ ఒబెరాన్‌కు టాస్మేనియాలో పుట్టుక కల్పించి దశాబ్దాల పాటు నడిపిన పరిశ్రమ అది. ఆ కల్పనను బట్టి మనిషి జీవితం తెలియదు గానీ, స్టూడియో ఆమెను ఏ సరుకుగా అమ్మాలనుకుందో తెలుస్తుంది. ఎల్ విషయంలో ఫ్రాన్స్ అన్నారంటే ‘నాగరికపు పట్నం పిల్ల’ వేషాలకు అనుకున్నారన్నమాట. అంతకుమించి ఆ కాగితం నుంచి పిండడానికి లేదు.

తర్వాత ముఖాలు. మనవరాలు ఆన్‌లైన్‌లో దొరికిన సినిమాల నుంచి ఫ్రేములు పట్టుకుని “ఇదిగో అమ్మమ్మ, రెండో వరసలో” అంటూ పంపేది. 1932 నాటి స్టూడియో అమ్మాయిలందరికీ ఒకే మేకప్ గది, ఒకే రకంగా పీకి సన్నగా దిద్దిన కనుబొమలు, అదే తెల్లబంగారు జుట్టు. పాత ఫోటోల్లో మనిషిని గుర్తుపట్టడానికి చెవి ఆకారం మంచి ఆధారం, కానీ ఆనాటి అలల జుట్టు సరిగ్గా చెవులనే కప్పేస్తుంది. ముఖం ఒక్కటే ఆధారమైతే ఏ సినిమానూ ఆమె ఖాతాలో వేయకూడదని, ముఖంతో సంబంధం లేని కాగితం కనీసం ఒకటి ఉండాలని నియమం పెట్టుకున్నాను. ఆ నియమంతో జాబితా పెరగడం ఆగిపోయింది. మనవరాలి ఉత్సాహం కూడా తగ్గింది, అది వేరే సంగతి.

ఇంట్లోని పత్రికా కత్తిరింపులు కూడా మొదట్లో మూగవే. ఏ పత్రికదో, ఏ రోజుదో లేదు. వాటిని తిప్పి చూశాను. కత్తిరించినవారికి అక్కర్లేని వెనకవైపు సరుకు చాలాసార్లు ముందువైపు కంటే పనికొస్తుంది. ఒకదాని వెనక సినిమా హాళ్ల ఆటల పట్టిక సగం ముక్క ఉంది. ఆ సినిమాలు ఏ వారం ఏ హాళ్లలో ఆడాయో సరిచూస్తే అది 1932 ఏప్రిల్ నెలదని తేలింది. తేదీ దొరకడంతో ముందువైపున్న మసక ఫోటోకు అర్థం వచ్చింది. అందులో ఎల్ ఒక బల్ల ముందు నిలబడి ఉంది, బల్ల అవతల ఒక జడ్జి.

కదలిక వచ్చిన చోటు

ఇరవయ్యొక్క ఏళ్లు నిండని నటులు తమ ఒప్పందాన్ని తర్వాత కాదనే వీలుండేది. ఆ భయంతో స్టూడియోలు వారి ఒప్పందాలను లాస్ ఏంజెలెస్ కౌంటీ సుపీరియర్ కోర్టు చేత ఆమోదింపజేసుకునేవి. ప్రచార విభాగం దాన్ని కూడా ఫోటో సందర్భంగా మార్చుకునేది. ఎల్‌కు అప్పటికి ఇరవయ్యే. కోర్టు ముందు మాత్రం ఫ్రాన్స్ కథ చెల్లదు: అసలు పేరు, అసలు వయసు, తల్లి పేరు, జీతం మెట్లు చెప్పాలి. తేదీ చేతికి రావడంతో ఆ వారపు పత్రికల్లో ఈ వార్త పూర్తి పాఠం దొరికింది. వారానికి 75 డాలర్లతో మొదలు, మొదటి ఆప్షన్‌కు 100, రెండోదానికి 150. తెరపేరును, పుట్టుపేరును ఒకే వాక్యంలో కలిపిన మొదటి కాగితం ఇదే.

పుట్టుపేరు ఖాయం కావడంతో 1930 జనగణన పనికొచ్చింది. ఆ ఏప్రిల్‌లో ఆమె సొంత ఊళ్లో, తల్లిదండ్రుల ఇంట్లో ఉంది. వయసు పద్ధెనిమిది, బడికి వెళుతోంది, వృత్తి లేదు. కాబట్టి 1929 నాటి రెండు సినిమాలు అదే తెరపేరు పెట్టుకున్న మరొకరివి. ఆ మరొకరు నాట్యబృందంలో పనిచేసి, తర్వాతి సంవత్సరాల్లో కూడా కొనసాగింది. తొమ్మిదిలో అయిదు అలా ఆమెకు వెళ్లిపోయాయి. ఎల్‌కు మిగిలినవి నాలుగు: ఒప్పందపు ఏడాదివి మూడు, 1937 నాటిది ఒకటి.

ఇప్పుడు ఆ ఏడాదిలో ఏం చేసిందన్న ప్రశ్న. ఆల్బమ్‌లో డజన్ల కొద్దీ స్టిల్స్ ఉన్నాయి. ఒక్కో స్టిల్ ఒక్కో సినిమా అని కుటుంబం నమ్మకం. స్టిల్స్ అడుగున మూలలో సన్నగా రాసిన అంకెలు ఉంటాయి. సినిమా స్టిల్ అయితే మొదటి సంఖ్య ఆ సినిమాకు స్టూడియో ఇచ్చిన నిర్మాణ సంఖ్య, రెండోది ఫోటో వరస. నటుల చిత్తరువులకు వేరే సంకేతాలు. ఈ అంకెల ప్రకారం విడదీస్తే సినిమా స్టిల్స్ గుప్పెడు కూడా లేవు. మిగతావన్నీ ప్రచార ఫోటోలు: థాంక్స్‌గివింగ్‌కు టర్కీ కోడిని తరుముతూ, క్రిస్మస్‌కు పొగగొట్టంలో కాళ్లు దించుతూ, జూలై నాలుగుకు తారాజువ్వ మీద కూర్చుని, ఎండాకాలంలో ఈతదుస్తుల్లో. పత్రికలకు పండగ పేజీలు నింపడానికి ఫోటోలు కావాలి, పేరున్న తారలు ఇవి చేయరు, చేయమనే ధైర్యం కూడా ప్రచార విభాగానికి ఉండదు. ఒప్పందపు అమ్మాయిలున్నది ఇందుకు.

ఆ స్టూడియో కాగితాల్లో ఒక భాగం ఇప్పుడు ఒక విశ్వవిద్యాలయం సంరక్షణలో ఉంది. జీతాల పట్టీలు, సెట్‌లో ఎవరు ఎప్పుడు వచ్చారో ఎప్పుడు వెళ్లారో నమోదుచేసే రోజువారీ నివేదికలు పక్కపక్కన పెట్టి చదివాను. ఏడాదిలో 41 వారాలకు జీతం అందింది. కెమెరా ముందు నిలబడింది 17 రోజులు. మిగతా కాలం ఉచ్చారణ పాఠాలు, నాట్యం, గుర్రపుస్వారీ, దుకాణాల ప్రారంభోత్సవాలు, కొత్త హీరోలకు స్క్రీన్ టెస్టులు తీసేటప్పుడు కెమెరాకు వీపు పెట్టి ఎదుటి డైలాగు అందించడం. 1932 నవంబరులో రెండు వారాలు గోవర్ వీధి దగ్గరి చిన్న కంపెనీకి, అంటే చవక సినిమాలు తీసే కంపెనీలుండే, జనం ‘పావర్టీ రో’ అనే చోటికి, అరువిచ్చారు. ఆ కంపెనీ వారానికి 200 డాలర్లు కట్టింది, ఎల్‌కు అందింది ఆమె మామూలు 100. తేడా స్టూడియోది. ఆమె మీద స్టూడియో నేరుగా లాభం చూసిన సందర్భం నాకు కనిపించినంతలో ఇదొక్కటే.

ఇక్కడ ఒక అభిప్రాయం చెప్పుకోవాలి. “ఏడాదిలో మూడే సినిమాలా, పాపం” అన్నారు ఈ లెక్క చూసిన మిత్రులు. నాకలా అనిపించలేదు. స్టూడియో ఆమె దగ్గర కొన్నది నటన కంటే ఎక్కువగా ‘ఎప్పుడైనా అవసరం పడితే’ అన్న హక్కు. ఆ హక్కుకు అద్దెగా కట్టే జీతానికి ఆమె పూర్తి పని చేసింది. ఆ పనికి తెరమీద పేరు వేయరు, అంతే.

ఆగిన తేదీ

రెండో ఆప్షన్ పడేది 1933 ఏప్రిల్‌లో. కొనసాగిస్తామో లేదో ముప్పై రోజుల ముందు చెప్పాలి కాబట్టి నోటీసు గడువు మార్చి మధ్యలో. ఈ రెండు తేదీలు కాగితం మీద పెట్టుకున్నాక ఇంకేమీ వెతకకుండానే సగం కథ కనిపించింది. ఆ మార్చి 6న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దేశంలోని బ్యాంకులన్నీ మూయించాడు. ఆ వారంలోనే హాలీవుడ్ స్టూడియోలు ఎనిమిది వారాల పాటు జీతాల్లో సగం దాకా కోత ప్రకటించాయి. ఆర్‌కేఓ, పారమౌంట్ స్టూడియోలు రెండూ అప్పులు తీర్చలేక అప్పటికే జనవరి నుంచి కోర్టు నియమించిన రిసీవర్ల చేతిలో ఉన్నాయి. సరిగ్గా అప్పుడు ఎల్ జీతం 100 నుంచి 150కి పెరగాలి. వ్యాపార పత్రికలో ఆ స్టూడియో వదిలేసిన ఆప్షన్ల వార్త దొరికింది. ఈసారి ఆమె పేరుతో కాకుండా స్టూడియో పేరు, వారం పట్టుకుని పేజీలు తిరగేశాను. జాబితాలో ఎల్‌తో పాటు మరికొందరు ఉన్నారు, వారిలో మగవారూ ఉన్నారు.

ఇది మనవరాలికి పంపినప్పుడు వెంటనే ఫోన్ వచ్చింది. “అయితే మా అమ్మమ్మ అబద్ధం చెప్పిందంటారా?”

కాదన్నాను, ఆమె నమ్మే చెప్పిందన్నాను. చెంపదెబ్బ జరిగితే అది ఏ కాగితంలో ఉంటుంది? జీతాల పట్టీలో అలాంటి దానికి గడి లేదు. న్యాయ విభాగపు ఫైలులో నోటీసు నకలు ఒక్కటే ఉంటుంది, కారణం రాయాల్సిన అవసరమే లేదు. ఆప్షన్ పద్ధతిలోని అసలు సౌకర్యం అదే కదా. 1937లో ప్యాట్రీషియా డగ్లస్ అనే యువ నర్తకి స్టూడియో విందులో తనపై జరిగిన అత్యాచారం మీద బహిరంగంగా ఫిర్యాదు చేసి కోర్టుల దాకా వెళ్లింది. ఆ కేసులు వీగిపోయాయి, విషయం అరవై ఏళ్లకు పైగా ఎవరికీ గుర్తులేకుండా పోయింది. కోర్టుకెక్కిన కేసు గతే అది అయితే, ఎక్కని దాని జాడ ఫైళ్లలో లేకపోవడం దేనికీ రుజువు కాదు. మరోవైపు, ఆ వారం అంతమందిని వదిలేయడానికి డబ్బు ఒక్కటే చాలిన కారణం. జాబితాలోకి ఆమె పేరు ఎలా చేరిందన్నది వేరే ప్రశ్న, దానికి కాగితం జవాబు చెప్పదు.

అందుకే ఆ కథను రుజువుగా వాడటం మానేసి, మరోలా విన్నాను. ఎల్ ఇద్దరు కూతుళ్ల దగ్గర, మనవరాలి దగ్గర ఉన్న రూపాలను వేరువేరుగా చెప్పించుకున్నాను, ఒకరు చెబుతుంటే మరొకరు దిద్దకుండా. ఆ పెద్దమనిషి ఒకరి కథలో నిర్మాత, ఒకరి కథలో దర్శకుడు, మరొకరి కథలో ‘బాసు’. చోటు కూడా మారింది. మారనిది ఒక్కటే: దుస్తులు కొలతలు తీసే ఒక స్త్రీ కోటు తెచ్చి భుజాల మీద కప్పి బయటికి తీసుకెళ్లింది. కథకు నిజానికి ఆ స్త్రీ అక్కర్లేదు, ఆమె లేకుండా చెంపదెబ్బ ఇంకా బాగా పండుతుంది. అక్కర్లేకపోయినా మూడు రూపాల్లోనూ నిలిచిందంటే ఎల్‌కు ఆ మనిషి ముఖ్యమని అర్థం. నటుల విభాగం వదిలి దుస్తుల విభాగం వైపు చూద్దామన్నాను.

మనవరాలి చేత, అమెరికా ప్రభుత్వ పింఛను పథకమైన సోషల్ సెక్యూరిటీ కార్యాలయానికి దరఖాస్తు పెట్టించాను. 1936 చివరి నుంచి ఆ నంబర్ల కోసం జనం నింపిన తొలి ఫారాల్లో పుట్టుపేరు, తల్లిదండ్రుల పేర్లతో పాటు అప్పటి యజమాని పేరు, చిరునామా రాయాలి. ఎల్ 1937లో సొంత చేత్తో నింపిన ఫారంలో యజమాని గడిలో ఉన్నది మరో పెద్ద స్టూడియో. తర్వాత 1940 జనగణన. 72 ఏళ్ల గోప్యత గడువు తీరి 2012లో బయటికొచ్చిన ఆ జాబితాలో 1939లో ఎన్ని వారాలు పనిచేశారు, ఎంత సంపాదించారు అన్న గడులున్నాయి. ఇంట్లో ఎవరు వివరాలు చెప్పారో వారి పేరు పక్కన గుండ్రం చుట్టిన ఇంటూ గుర్తు వేస్తారు. ఆ గుర్తు ఎల్ పేరు పక్కనే ఉంది. వయసు 28, నిజమైన వయసే. వృత్తి కుట్టుపని, పరిశ్రమ సినిమా స్టూడియో, 48 వారాలు, 1,440 డాలర్లు.

అమ్మమ్మ బట్టలు కుట్టేదని ఇంట్లో అందరికీ తెలుసు. ఎక్కడ కుట్టేదో ఎవరూ అడగలేదు. ఆమె 1950ల మధ్య దాకా అక్కడే ఉంది. నటిగా ఒక ఏడాది, దుస్తుల విభాగంలో దాదాపు ఇరవై ఏళ్లు. డేటాబేసులు ఎంత వెతికినా ఈ రెండోది చూపించవు, ఎందుకంటే అప్పట్లో తెరమీద దుస్తుల రూపకర్త పేరు వేసేవారు గానీ కుట్టినవారి పేర్లు వేసేవారు కాదు.

పలక మీద ఏం రాశాం

మనవరాలు మొదట అనుకున్న శీర్షికలో ‘వెళ్లగొట్టబడిన తార’ అన్న మాట ఉంది. దాన్ని తీసేయాలన్నది నా సలహా. తార అన్న భాగం మీదా, వెళ్లగొట్టబడిన అన్న భాగం మీదా అభ్యంతరం చెప్పాను. కొంత వాదన తర్వాత రెండు పేరాలకు ఒప్పుకున్నాం. మొదటి దాంట్లో కాగితాలు చెప్పేది: ఒప్పందం తేదీలు, మూడు సినిమాలు, 1933 మార్చి కోతలు, దుస్తుల విభాగం. రెండో దాంట్లో, ‘కుటుంబం చెప్పుకునే కథ’ అన్న పేరుతో, చెంపదెబ్బ. ఒకదాన్ని మరొకటి రుజువు చేస్తున్నట్టు గానీ కొట్టిపారేస్తున్నట్టు గానీ ఏ మాటా పెట్టలేదు. ‘అయితే’, ‘కానీ’ లాంటి అతుకు మాటలను కూడా రెండు పేరాల మధ్య ఉండనివ్వలేదు. అలాంటి ఒక్క చిన్న మాటతో చదివేవారి చేత తీర్పు చెప్పించేయవచ్చు.

ఇలాంటి పని చేసేవారికి ఈ కేసు నుంచి నేను ముందుగా చెప్పేది క్రమం గురించి. తెరపేరు పట్టుకుని వెతకడం అందరూ మొదట చేసే పని. పుట్టుపేరుతో దాన్ని కలిపే కాగితం దొరికేదాకా ఆ వెతుకులాటలో దొరికినవన్నీ తాత్కాలికమే. ఒప్పందం మొదలైన తేదీ తెలిస్తే ఆప్షన్ గడువులన్నీ లెక్కగట్టవచ్చు, అప్పుడు పత్రికల్లో పేరు లేకపోయినా ఏ వారం తిరగేయాలో తెలుస్తుంది. కుటుంబ కథలను ఒకరి ఎదుట ఒకరి చేత చెప్పించకూడదు, అన్నీ కలిసి ఒకే కథ అయిపోతాయి. ఇక స్టూడియో ప్రచార కాగితాన్ని పుట్టిన తేదీకి ఎప్పుడూ వాడవద్దు. ఇది చాలామందికి తెలుసు, అయినా వాడుతూనే ఉంటారు.

డేటాబేస్‌లో అయిదు సినిమాలను అసలు వారి పేరుకు మార్పించాం. 1937 నాటి ఆ ఒక్కటి ఇంకా తేలలేదు. ఎల్ కుట్టుపని చేస్తున్న స్టూడియోలోనే తీసిన సినిమా అది. విందు సన్నివేశంలో ఎక్స్‌ట్రాలు తక్కువైతే కుట్టుగదిలోంచి ఒకరిని గౌను తొడిగి నిలబెట్టారేమో అని మనవరాలి ఊహ. జరగదనలేను. అయితే అలా నిలబెట్టి ఉంటే ఆ రోజు నివేదికలోనో జీతాల పట్టీలోనో అదనపు చెల్లింపు కనిపించాలి. ఆ స్టూడియో 1937 పట్టీలు చూడటానికి అనుమతి అడిగి ఉన్నాను. వచ్చేదాకా ఆ సినిమా పేరు పలక మీద లేదు.